బొంబాయి చాల్‌లో తాత ఉన్న గది ఎక్కడ? తరచుగా అడిగే ప్రశ్నలు

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో ఒక మాట ఉంది. వలస పోయినవాళ్ళ దారులన్నీ ఆ మూడింట్లోనే ఉంటాయి. ఈ పేజీ నడిమి దాని గురించి. మా తాత సిరిసిల్ల వైపు నుంచి పోయి లోయర్ పరేల్‌లో ఒక బట్టల గిర్నిలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేశాడు. చాల్ అంటే గదులు గదులుగా అద్దెకిచ్చే కూలీల భవనం. అలాంటి ఒక దాంట్లో నేను ఆయన గది వెతికి పట్టుకున్నానని తెలిసినప్పటి నుంచి చుట్టాలు, చుట్టాల చుట్టాలు ఫోన్లు చేస్తున్నారు. అందరూ అడిగేవి దాదాపు ఇవే.

ఊరి పేరు 1995లో ముంబయిగా మారింది. మన వాళ్ళ ఉత్తరాల్లో ఉండేది బొంబాయే కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఆఫీసుల సంగతి వచ్చినప్పుడు మాత్రం ముంబయి.

తాత బొంబాయిలో గిర్నిలో పనిచేశాడని తప్ప ఏమీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఇంట్లోనే. రైలు టికెట్టు తర్వాత తీయొచ్చు, ముందు అటక మీది ట్రంకు పెట్టె దింపండి. మనియార్డరు కూపన్లు, ఇన్‌లాండు ఉత్తరాలు, పెళ్లి పత్రికలు, ఈఎస్ఐ కార్డు, యూనియన్ చందా రసీదు, స్టూడియోలో దిగిన ఫొటో వెనక ముద్ర... ఏది దొరికినా పనికొస్తుంది.

అన్నిటిలోకీ మనియార్డరు కూపన్ మేలు. ఫారం అడుగు భాగాన్ని డబ్బు అందుకున్న వాళ్ళకే వదిలేసేవారు. పంపినవాళ్ళ పేరు, చిరునామా, రెండు ముక్కల కబురు అందులోనే ఉంటాయి. మా నానమ్మ ఆ కూపన్లన్నీ ఒక ఇనుప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసింది, కిరాణం కొట్టులో చీటీలు గుచ్చినట్టు. తీగ తుప్పు పట్టి ప్రతి కాగితం మధ్యలోనూ గోధుమరంగు చిల్లు పడింది. ఏడు కూపన్ల మీద ఆ చిల్లు సరిగ్గా రూం నంబరు మీదే ఉంది. ఎనిమిదోది కాస్త పక్కకు గుచ్చినట్టుంది, దాని మీద 32 అని కనబడింది.

పెద్దవాళ్ళను అడిగేటప్పుడు "తాత ఎక్కడ ఉండేవాడు?" అంటే "బొంబాయిల" అని ఊరుకుంటారు. ఇలా అడిగి చూడండి: నీళ్ళు ఎక్కడ పట్టేవాళ్ళు? కక్కసుకు ఎటు పోవాలి? తలుపు తీస్తే ఆకాశం కనబడేదా, ఎదుటివాళ్ళ తలుపు కనబడేదా? ఏ గిర్ని భోంగా (సైరను) వినబడేది? ఈ జవాబులు ఎందుకు కావాలో కింద చెబుతాను.

అడ్రసులో 'బొంబాయి-13' అని ఉంది. ఆ 13 ఏమిటి?

తపాలా జోను నంబరు. ఆరంకెల పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. అంతకు ముందు పెద్ద నగరాల్లో ఇలా ఊరి పేరు పక్కన నంబరు రాసేవారు. బొంబాయి నంబర్లు పిన్‌లో చివరి అంకెలుగా అలాగే ఉండిపోయాయి. బొంబాయి-13 ఇప్పటి 400013, డిలైల్ రోడ్డు చుట్టుపక్కల. 18 అంటే వర్లీ, 12 అంటే పరేల్, 14 అంటే దాదర్, 8 అంటే కామాఠీపుర వైపు. అడ్రసంతా చెరిగిపోయినా ఈ ఒక్క అంకె మిగిలితే నగరంలో ఏ మూల వెతకాలో తెలిసిపోతుంది. అదీ లేదంటే స్టాంపు మీది గుండ్రటి ముద్రను వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి. ఉత్తరం ఏ పోస్టాఫీసులో వేశారో అందులో ఉంటుంది.

బీడీడీ చాల్, బీఐటీ చాల్, ఇంకెవరిదో పేరుతో చాల్... వీటికి తేడా ఏమిటి?

తేడా యజమానిలో ఉంది. ఏ ఆఫీసు తలుపు తట్టాలన్నది దాన్ని బట్టే తేలుతుంది కాబట్టి ఇది తెలియకుండా ముందుకు పోవద్దు.

బీఐటీ అంటే బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు. 1896లో ప్లేగు వచ్చి నగరం అల్లాడాక 1898లో దాన్ని పెట్టారు. ఇరుకు వాడలు కూల్చి రోడ్లు వేయడం, కూలీలకు చాళ్ళు కట్టడం దాని పని. అగ్రిపాడ, మాండ్వీ కోళీవాడ, పరేల్ లాంటి చోట్ల కట్టింది. అంబేడ్కర్ ఏళ్ళ తరబడి ఉన్నది పరేల్ బీఐటీ చాల్‌లోనే. ట్రస్టు 1933లో మున్సిపాలిటీలో కలిసిపోయింది. అందుకే ఆ చాళ్ళ అద్దె పుస్తకాల కోసం నగరపాలక సంస్థ ఎస్టేట్ విభాగంలో అడగాలి.

బీడీడీ అంటే బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్. గవర్నర్ జార్జ్ లాయిడ్ కాలంలో, 1920లో పుట్టింది. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, శివ్డీలో 12, మొత్తం 207 భవనాలు. ఇవి రాష్ట్ర ప్రభుత్వానివి, ప్రజాపనుల శాఖ కిందివి. వీటికి ప్రత్యేకంగా బీడీడీ చాళ్ళ డైరెక్టర్ కార్యాలయం ఉంది.

మూడో రకం ప్రైవేటు చాళ్ళు. ఏదో సేఠ్ పేరో, ట్రస్టు పేరో, గిర్ని పేరో ఉంటుంది. వీటి అద్దె పుస్తకాలు ఇంటి యజమాని దగ్గరే ఉంటాయి, యజమానులు మారుతూ వచ్చి ఉంటారు. అన్నిటికన్నా కష్టం ఇవే.

పెద్దవాళ్ళను ఆకాశం సంగతి అడగమన్నది ఇందుకే. బీడీడీ చాల్ కాంక్రీటు పెట్టె. నేల అంతస్తు, పైన మూడు. మధ్యలో నడవా, అటు పది గదులు ఇటు పది గదులు. గది 160 చదరపు అడుగులు. తలుపు తీస్తే ఎదుటివాళ్ళ తలుపే, పట్టపగలు కూడా నడవాలో లైటు వేసుకోవాలి. ప్రైవేటు చాళ్ళలో ఎక్కువ వాటికి గదుల ముందు చెక్క కటకటాల గ్యాలరీ ఉంటుంది, కిందికి చూస్తే వాకిలి. మా మేనత్త "గ్యాలరీలో నిలబడి గణపతిని చూసేవాళ్ళం" అన్నది. ఆ ఒక్క మాటతో నేను బీడీడీ జాబితా పక్కన పడేశాను.

ఉత్తరం మీది రోడ్డు పేరు మ్యాపులో లేదు.

మారి ఉంటుంది. మన వాళ్ళ ఉత్తరాల్లో తరచూ కనబడేవి ఇవి: డిలైల్ రోడ్డు ఇప్పుడు ఎన్.ఎం. జోషి మార్గ్. ఫెర్గూసన్ రోడ్డు పాండురంగ్ బుధ్కర్ మార్గ్. ఆర్థర్ రోడ్డు సానే గురూజీ మార్గ్. ఫారస్ రోడ్డు ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్. డంకన్ రోడ్డు మౌలానా ఆజాద్ రోడ్డు. ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషన్ 2018 నుంచి ప్రభాదేవి. టాక్సీ ఎక్కితే పాత పేరే చెప్పండి, కొత్త పేరు చెబితే డ్రైవరే తిరిగి అడుగుతాడు.

అద్దె రికార్డుల్లో తాత పేరు లేదంటున్నారు. అయితే ఆయన అక్కడ లేనట్టేనా?

కాదు. అందరూ ఇక్కడే ఆగిపోతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పెళ్ళాం పిల్లలను ఊళ్ళో వదిలి పోయిన గిర్ని కూలీలు ఒక్కొక్కరు ఒక్కో గది తీసుకోలేదు. అంత కూలి ఎక్కడిది? ఒకే ఊరివాళ్ళో, ఒకే కులంవాళ్ళో పది మంది దాకా ఒక గదిలో ఉండేవారు. పాళీల (షిఫ్టుల) పని కాబట్టి అందరూ ఒక్కసారి పడుకోవలసిన అవసరం రాలేదు. రాత్రి పాళీవాడు వచ్చేసరికి పొద్దుటి పాళీవాడు చాప చుట్టి లేచిపోయేవాడు. ఆ కాస్త చోటు కూడా చాలనివాళ్ళు నడవాలోనో, గ్యాలరీలోనో, మెట్ల మీదో పడుకున్నారు. ట్రంకు పెట్టె, గోడ మేకుకు అంగీ. గదిలో తాత ఆస్తి అంతే. తిండి ఖానావళిలో, నెల లెక్కన.

అద్దె రసీదు మాత్రం ఒక్కడి పేరునే ఉండేది. ముందు వచ్చినవాడో, కూలీలను పనిలో పెట్టే జాబర్‌తో పరిచయం ఉన్నవాడో గది పట్టుకునేవాడు, మిగతావాళ్ళు నెలనెలా ఆయన చేతికి ఇచ్చేవాళ్ళు. కాబట్టి మీ తాత పేరుతో వెతికితే దొరకకపోవడమే మామూలు. వెతకాల్సింది గది ఎవరి పేరున ఉందో ఆ మనిషిని.

మా విషయంలో ఆ మనిషి మాకు మూడు కోసుల దూరంలోని ఊరివాడు. మా నాయిన ఆయన్ను చిన్నప్పుడు "రూం మామ" అని పిలిచేవాడట. అసలు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆ ఊరికి పోయి రచ్చకట్ట దగ్గర "బొంబాయిలో రూం ఉన్నాయన ఎవరు?" అని అడిగితే అరగంటలో ఇంటిపేరుతో సహా చెప్పారు. ఆయన మనవడు ఇప్పుడు కల్యాణ్ దగ్గర ఉంటున్నాడు. 1960ల నాటి భాడే పావతి, అదే అద్దె రసీదు, ఆయన దగ్గర ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. గది నంబరు 32. మా తాత పేరు దాని మీద లేదు, ఉండాల్సిన పనీ లేదు.

అద్దె పుస్తకాలు కాకుండా అందరి పేర్లూ ఉండే రికార్డు ఏదైనా ఉందా?

ఓటర్ల జాబితా. అద్దె ఎవరు కడుతున్నారన్నది దానికి అక్కర్లేదు, ఆ గదిలో ఓటున్న వాళ్ళందరినీ వరుసగా రాస్తుంది. రెండు సంగతులు గుర్తుంచుకోండి. 1989 దాకా ఓటు వయసు 21, కాబట్టి పంతొమ్మిదేళ్ళ కుర్రాడు అందులో ఉండడు. రెండోది, చాలామంది ఓటు ఊళ్ళోనే ఉంచుకున్నారు. పాత జాబితాల కోసం జిల్లా ఎన్నికల కార్యాలయంలో అడగాలి.

జనన మరణ రికార్డులు ఇంకా గట్టివి. ఇంట్లో ఎవరైనా బొంబాయిలో పుట్టారా, అక్కడే పోయారా? రిజిస్టరులో ఇంటి చిరునామా ఉంటుంది. అయితే కాపురం ఉన్న వార్డులో కాదు, పుట్టిన చోటి వార్డులో వెతకాలి. వర్లీలో కాపురం ఉన్నా కాన్పు పరేల్‌లోని కేఈఎంలోనో, వాడియా ప్రసూతి ఆసుపత్రిలోనో అయితే రికార్డు ఎఫ్-సౌత్ వార్డులో ఉంటుంది. ఈ ఒక్కటి తెలియక మా పెదనాయిన జీ-సౌత్ వార్డు చుట్టూ రెండు రోజులు తిరిగాడు.

జనాభా లెక్కల కాగితాలు చూడవచ్చా? అమెరికాలో చూస్తారట కదా.

ఇక్కడ కుదరదు. 1948 నాటి సెన్సస్ చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు రహస్యం. బయటికి వచ్చేది మొత్తాల పట్టికలే.

బడి రికార్డుల సంగతేమిటి?

పిల్లలను అక్కడ చదివించి ఉంటే ఇదే బంగారు గని. ముంబయి నగరపాలక సంస్థ మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపింది. ప్రతి బడిలోనూ జనరల్ రిజిస్టర్ ఉంటుంది. అందులో పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, ముందు చదివిన బడి రాస్తారు. బడి మూతపడినా రిజిస్టర్లు పారేయరు, దగ్గరి బడికో వార్డు విద్యా కార్యాలయానికో పోతాయి. ఒక కార్యాలయంలో నాకు "వానకు తడిసిపోయాయి" అన్నారు. మర్నాడు అదే గదిలో ఇంకో ఆయన బీరువా తెరిచి తీసి ఇచ్చాడు. అట్ట తప్ప ఏదీ తడవలేదు.

తాత పేరు అక్కడ ఎలా రాసి ఉంటుంది?

మీరు అనుకున్నట్టు మాత్రం ఉండదు. మనం ఇంటిపేరు ముందు పెడతాం. మరాఠీవాళ్ళు సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుసలో రాస్తారు. వేముల రాజయ్య అని చెబితే గుమాస్తా 'వేముల' సొంత పేరనీ, 'రాజయ్య' ఇంటిపేరనీ అనుకుని రాసేస్తాడు. లేదా సరిచేసి 'రాజయ్య మల్లయ్య వేముల్' అంటాడు. దేవనాగరిలో వేముల అని రాసినా చివరి అచ్చు పలకరు, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి 'వేముల్' గట్టిపడిపోతుంది. అయ్యలు అప్పలవుతారు, రాజయ్య రాజారాం అవుతాడు. పోయే ముందు ఒక కాగితం మీద కనీసం ఆరు రకాలుగా రాసుకోండి.

గిర్నిలో రికార్డులు మిగిలాయా?

గిర్ని గేటు దగ్గరికి పోతే అక్కడ మాల్ ఉంటుంది, లేదా అద్దాల ఆఫీసు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది బయటికి వచ్చారు. చాలా గిర్నీలు మళ్ళీ కోలుకోలేదు. ఆ ఏడే మన వాళ్ళు వందలుగా ఊళ్ళకు తిరిగొచ్చారు. కొందరు భీవండీ, షోలాపూర్ మగ్గాలకు మళ్ళారు.

కాగితాలు మాత్రం కొన్ని మిగిలాయి. టికెట్ నంబరు (గిర్నిలో కూలీకి ఇచ్చిన నంబరు), ఖాతా (పనిచేసిన విభాగం) పేరు, పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ నంబరు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దారి ఉంది. గిర్ని కార్మికులకూ వారసులకూ మ్హాడా (రాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) లాటరీ ద్వారా ఇళ్ళు ఇచ్చే పథకం వచ్చాక, ఎవరు ఎక్కడ పనిచేశారన్నది తేల్చడానికి ఈ కాగితాలే బయటికి తీశారు. మీ చుట్టాల్లో ఎవరైనా అప్పుడు దరఖాస్తు పెట్టారేమో అడగండి. ఆ జిరాక్సుల కట్టలో తాత చిరునామా ఉండవచ్చు.

భవనం ఎప్పుడు కట్టారో, ఎవరిదో ఎలా తెలుస్తుంది?

పాత నగర భాగంలో ప్రతి జాగాకూ సీఎస్ (కడస్ట్రల్ సర్వే) నంబరు ఉంటుంది, దానితో పాటు డివిజన్ పేరు: లోయర్ పరేల్, వర్లీ, బైకల్లా, పరేల్-శివ్డీ ఇలా. శివారుల్లో సీటీఎస్ నంబరంటారు, రెండూ కలపొద్దు. నంబరు దొరికితే సిటీ సర్వే కార్యాలయం నుంచి ప్రాపర్టీ కార్డు తీసుకోవచ్చు. అందులో యజమానులే ఉంటారు, అద్దెవాళ్ళు ఉండరు.

కట్టిన కాలం అంచనా వేయడానికి తేలిక దారి సెస్ జాబితా. పాత అద్దె భవనాల మరమ్మతుల కోసం 1969లో చట్టం తెచ్చి పన్ను వేశారు. మొదట్లో 19,642 భవనాలు దాని కిందికి వచ్చాయి. 1940 సెప్టెంబరుకు ముందు కట్టినవి ఏ తరగతి, అక్కడి నుంచి 1950 చివరి దాకా బీ, ఆ తర్వాత 1969 సెప్టెంబరు దాకా సీ.

బీడీడీ, బీఐటీ చాళ్ళు ఎలా పుట్టాయో మూలంలోకి పోయి చదవాలని ఉంటే ఫోర్ట్‌లో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ భవనంలో మహారాష్ట్ర రాష్ట్ర పురాలేఖాగారం ఉంది. వెళ్ళినా దండగ కాదు, కాని అక్కడ మీ తాత కనబడడు.

సమాచార హక్కు కింద అడగవచ్చా?

అడగవచ్చు. పది రూపాయలు, ముప్పై రోజులు. "మా తాత వివరాలు ఇవ్వండి" అంటే తిరగ్గొడతారు. "ఫలానా చాల్, ఫలానా గదికి 1955 నుంచి 1970 వరకు అద్దెదారు రిజిస్టరు పేజీల నకలు" అని అడగండి. ఇంకొకరి వివరాలున్నాయని వాళ్ళను సంప్రదించే అవకాశం ఉంది, కాబట్టి ఆ కుటుంబం నుంచి ఒప్పుకోలు ఉత్తరం జతచేస్తే పని త్వరగా అవుతుంది.

మా తాత అడ్రసు కామాఠీపురలో ఉంది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తనివ్వడం లేదు.

ఎత్తండి. ఆ పేటకు పేరు వచ్చిందే మన కామాటీల వల్ల. నిజాం రాజ్యం నుంచి పోయి రాళ్ళు మోసి, గోడలు కట్టి ఆ నగరాన్ని నిలబెట్టిన తెలుగు కూలీలు స్థిరపడ్డ చోటు అది. వాళ్ళలో కాంట్రాక్టర్లుగా ఎదిగినవాళ్ళు ఫూలే సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. వేశ్యావాటికగా వచ్చిన పేరు కొన్ని సందులది. మిగతా సందుల్లో తెలుగు కుటుంబాలు తరాల తరబడి కాపురాలు చేశాయి. సందులకు పేర్లు లేవు, నంబర్లే. కాబట్టి ఎన్నో సందు అన్నది ముందు తేల్చుకోండి.

ఆ గది మీద మాకు హక్కు వస్తుందా?

మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999 ప్రకారం అద్దెదారు చనిపోతే ముందు చూసేది అప్పటికి ఆయనతో అక్కడే ఉంటున్న కుటుంబ సభ్యులెవరని. పైన చెప్పినట్టు మీ తాత అసలు అద్దెదారే కాకపోవచ్చు. అయినా అనుమానం ఉంటే అక్కడి వకీలును అడగండి, ఈ పేజీని కాదు.

నేరుగా చాల్‌కు పోతే గదిలోకి రానిస్తారా?

మీరు ఎలా పోతారన్న దాన్ని బట్టి. చేతిలో ఫైలు, మెడలో కెమెరా వేసుకుని "ఇది మా తాత గది" అన్నారో, తలుపు మూసుకుంటుంది. బీడీడీ చాళ్ళ పునర్నిర్మాణంలో 160 అడుగుల గదికి బదులు 500 చదరపు అడుగుల ఫ్లాటు వస్తున్న రోజుల్లో, ఎక్కడి నుంచో ఊడిపడ్డ మనవడంటే వాటాకు వచ్చాడనే అనుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు.

నేను ముందు కింద ఉన్న పాన్ డబ్బా దగ్గర కూర్చున్నాను. పాత తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఒక ముసలావిడను చూపించారు. ఆమె పైకి తీసుకెళ్ళి 32 తలుపు కొట్టి, "గావాకడ్చా ఆహే, ఫక్త్ బఘాయ్‌చం ఆహే" అన్నది. ఊరి వైపువాడు, ఊరికే చూసి పోతాడట అని. ఆ ఇంటావిడ టీ పెట్టింది. గది మూలన మోరీ, దాని గట్టు సున్నం మీద సున్నం వేసి ఉబ్బిపోయి ఉంది. నేను ఫొటో అడగలేదు. లేచేటప్పుడు ఆమే, "తలుపు తీసుకో, నంబరు పడేట్టు" అన్నది.

మా తాత చాల్ కూల్చేశారట. ఇక పోయి ఏం చేయాలి?

అయితే తొందరగా పోండి. వర్లీ బీడీడీ చాళ్ళలో 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో కొత్త ఫ్లాట్ల తాళాలు ఇచ్చారు. పాత భవనాలు ఒక్కొక్కటే పోతున్నాయి. కూల్చిన వెంటనే మనుషులు చెదరరు, కొన్నాళ్ళు ట్రాన్సిట్ గదుల్లోనో దగ్గర్లోనో అద్దెకు ఉంటారు. చాల్ కమిటీవాళ్ళ దగ్గర గది గదికీ పేర్ల జాబితా ఉంటుంది, ఏ ఆఫీసులోనూ అంత సరిగ్గా ఉండదు.

ఏ కాలంలో పోతే మంచిది?

వానాకాలం వద్దు. ఆఫీసు పని ఉంటే నవంబరు నుంచి ఫిబ్రవరి. మనుషుల కోసమైతే గణపతి నవరాత్రులు. ఆ రోజుల్లో ఆఫీసుల్లో ఏ పనీ కాదు, లాల్‌బాగ్‌లో అడుగు పడదు. కాని ఎప్పుడో విరార్‌కో డోంబివలీకో వెళ్ళిపోయిన పాత కాపురస్తులు సాయంత్రం హారతికి సొంత చాల్‌కే వస్తారు. హారతి అయ్యాక మండపం వెనక ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్న ముసలివాళ్ళ దగ్గరికి పోయి, తెలుగులో పలకరించండి.